ఆగిన లారీకి కూలి ఎవరిస్తారు?

కాప్రా చెరువు దాటి కుషాయిగూడ వైపు వస్తే ఈసీఐఎల్ చౌరస్తా వస్తుంది. ఇంకా ముందుకు పోతే చర్లపల్లి పారిశ్రామికవాడ. ఇటు మల్లాపూర్, నాచారం, ఉప్పల్. అన్ని చోట్లా ఫ్యాక్టరీలే. ఈ ఫ్యాక్టరీలకు ఇనుప రేకులు, కడ్డీలు, పైపులు, పెద్ద యంత్రాలు కావాలి. అవి లారీల మీద వస్తాయి.

ఇట్లాంటి సరుకు మోసే లారీకి పక్క చెక్కలు ఉండవు. పైన కప్పు ఉండదు. వెనకభాగం చదునైన బల్లలాగా ఉంటుంది. క్రేనుతో సరుకు ఎక్కిస్తారు. గొలుసులతో, తాళ్ళతో బిగించి కడతారు. డ్రైవర్లు దీన్ని ట్రైలర్ అంటారు. కట్టు సడలితే సరుకు జారుతుంది. ప్రాణాలు పోతాయి. అందుకే ట్రైలర్ నడపడానికి అనుభవం ఉన్న డ్రైవరు కావాలి.

కాప్రాలో ఒక డ్రైవరు ఉన్నాడు. పదహారు ఏళ్ళుగా లారీ నడుపుతున్నాడు. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఇంటరు చదువుతోంది. భార్య రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు తేదీలు, అంకెలు తప్పు లేకుండా రాస్తుంది.

ఒకరోజు చర్లపల్లిలో ఒక కొత్త కంపెనీ పెట్టారు. 12 ట్రైలర్లు కొన్నారు. కొంత సొమ్ము బ్యాంకు అప్పు. కొంత సొమ్ము పెట్టుబడిదారులది. పెట్టుబడిదారులు అంటే లారీ నడపరు, సరుకు మొయ్యరు. డబ్బు పెడతారు. లాభంలో వాటా తీసుకుంటారు. అది తప్పు పని కాదు. డబ్బు లేనిదే లారీ రాదు. కానీ డ్రైవరు లేనిదే లారీ కదలదు.

కంపెనీ మేనేజరు డ్రైవర్లను పిలిచి ఇట్లా చెప్పాడు.

"విశాఖపట్నం పోయి ఇనుము తేవాలి. ట్రిప్పుకు ఏడు వేలు ఇస్తాం. నెలకు నాలుగు ట్రిప్పులు. అంటే ఇరవై ఎనిమిది వేలు. తిండి ఖర్చు, తాళ్ళ ఖర్చు మీదే. కంపెనీకి లాభాలు వచ్చాక మీకు బోనస్ ఇస్తాం. మీరు కూలివాళ్ళు కాదు, మా భాగస్వాములు."

డ్రైవరు సంతోషంగా ఇంటికి వచ్చాడు.

"నెలకు ఇరవై ఎనిమిది వేలంట! అమ్మాయి ఫీజు ఈసారి ఆలస్యం కాదు" అన్నాడు.

భార్య వెంటనే ఏమీ అనలేదు. లోపలికి పోయి ఒక నోటు పుస్తకం తెచ్చింది.

"పోయినేడాది నువ్వు విశాఖ పోయినప్పుడల్లా రాసి పెట్టిన. పోయిన రోజు, లోడు దొరికిన రోజు, ఇంటికొచ్చిన రోజు. ఫోన్‌ల నువ్వు చెప్పినవే. చూడు" అన్నది.

ఇద్దరూ దీపం కింద కూచుని లెక్క చూశారు.

ట్రిప్పు అంటే ఎన్ని రోజులు?

హైదరాబాదు నుంచి విశాఖపట్నం 600 కిలోమీటర్ల పైనే. విజయవాడ, రాజమండ్రి మీదుగా పోవాలి. లోడు లారీ గంటకు సగటున 40 కిలోమీటర్లు పోతే 15, 16 గంటలు పడుతుంది. రోజుకు 8 గంటలు నడిపితే రెండు రోజులు. రావడానికి మళ్ళీ రెండు రోజులు. లోడు చెయ్యడానికి ఒక రోజు. దించడానికి ఒక రోజు. ఇంటి దగ్గర విశ్రాంతి ఒక రోజు. మొత్తం ఏడు రోజులు.

మేనేజరు చెప్పిన లెక్క ఇదే. నాలుగు ఏళ్ళు ఇరవై ఎనిమిది. నెలకు నాలుగు ట్రిప్పులు.

కానీ భార్య పుస్తకంలో ఒక్క ట్రిప్పు కూడా ఏడు రోజుల్లో ముగియలేదు. ఎక్కువ ట్రిప్పులకు తొమ్మిది రోజులు పట్టింది. లారీ వంతు రాలేదు. క్రేను పాడైంది. కాగితాలు తయారు కాలేదు. చర్లపల్లికి తెచ్చాక గోడౌనులో దించడానికి చోటు లేదు. ఇట్లా ప్రతి ట్రిప్పులో రెండు రోజులు లారీ ఊరికే నిలబడింది. ఇట్లా నిలబడడాన్నే లారీవాళ్ళు హాల్టింగ్ అంటారు.

ఆ రెండు రోజులూ డ్రైవరు ఇంటికి రాలేడు. బండిని, సరుకును కాపలా కాయాలి. పిలిచినప్పుడు బండి జరపాలి. అంటే అదీ పనే. కానీ ట్రిప్పు కూలిలో దానికి ఒక్క పైసా లేదు.

లెక్క చూద్దాం

(ఈ పాఠంలోని కూలి, ఖర్చు అంకెలు లెక్క నేర్చుకోవడానికి ఇచ్చినవి. మీ ఊళ్ళో వేరుగా ఉంటాయి.)

నిజంగా అయ్యేవి మూడు ట్రిప్పులు.
వచ్చే కూలి: 3 × 7,000 = 21,000 రూపాయలు.
ఇంటికి దూరంగా ఉండే రోజులు: 3 × 8 = 24.
తిండి ఖర్చు: 24 × 300 = 7,200 రూపాయలు.
తాళ్ళు, టార్పాలిన్, చిల్లర ఖర్చు: 3 × 500 = 1,500 రూపాయలు.
మొత్తం ఖర్చు: 7,200 + 1,500 = 8,700 రూపాయలు.
మిగిలేది: 21,000 – 8,700 = 12,300 రూపాయలు.

చెప్పింది 28,000. చేతికి వచ్చేది 12,300. సగం కూడా కాదు.

డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు. పోయినేడాది అమ్మాయి ఫీజు కట్టడానికి వడ్డీకి అప్పు తెచ్చాడు. అంత కష్టపడినా అప్పు ఎందుకు తీరలేదో అతనికి అప్పుడు తెలిసింది.

నలుగురు కలిసి కూచున్నారు

మర్నాడు ఈసీఐఎల్ దగ్గర చాయ్ హోటల్లో డ్రైవర్లు కలిశారు. అతను పుస్తకం చూపించాడు.

"ఏడు వేలు చాలవు. తొమ్మిది వేలు అడుగుదాం అన్నా" అన్నాడు ఒక కుర్ర డ్రైవరు.

వారిలో పెద్ద డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

"తమ్మీ, తొమ్మిది వేలు ఇస్తరు. కానీ లారీ ఐదు రోజులు నిలబడితే? నష్టం మళ్ళా మనదే. యార్డుల లారీ ఎందుకు నిలబడుతుంది? మన చేతుల ఉందా అది? సరుకువాళ్ళతో మాట్లాడేది కంపెనీ. వంతు ముందే రాయించేది కంపెనీ. మనం ఊరికె నిలబడితే కంపెనీకి ఖర్చు లేదు. ఖర్చు లేదు గనక ఫోన్ కూడా చెయ్యరు. నిలబడిన రోజుకు కూలి పెడితే అప్పుడు చూడు, ఎట్ల ఉరుకుతరో!"

పెద్ద డ్రైవరు చెప్పినది ముఖ్యమైన మాట. ఆలస్యాన్ని ఎవరు తగ్గించగలరో ఆ ఖర్చు వాళ్ళ మీద ఉండాలి. అప్పుడే ఆలస్యం తగ్గుతుంది. డ్రైవరు మీద పెడితే ఎప్పటికీ తగ్గదు.

వాళ్ళు ఒక కాగితం మీద ఐదు కోరికలు రాశారు.

1. ప్రతి నెలా స్థిరమైన జీతం 18,000.
2. రోడ్డు మీద ఉన్న ప్రతి రోజుకు తిండి బత్తా 300.
3. ప్రతి ట్రిప్పుకు 2,000.
4. ఏడు రోజులు దాటితే, దాటిన ప్రతి రోజుకు హాల్టింగ్ కూలి 500.
5. తాళ్ళు, టార్పాలిన్ ఖర్చు కంపెనీదే.

ఒక్కొక్కరు విడిగా పోకూడదని నిర్ణయించుకున్నారు. ఒక్కడు పోతే "నీకు ఇష్టం లేకపోతే ఇంకొకడు ఉన్నాడు" అంటారు. పన్నెండు మందీ కలిసి ముగ్గురిని పంపారు.

మేనేజరు చెప్పిన లెక్క

మేనేజరు కోపం తెచ్చుకోలేదు. తన లెక్క పుస్తకం తీశాడు. అది మంచి పద్ధతి.

"ఒక లారీకి మూడు ట్రిప్పులకు కిరాయి 2,40,000 వస్తుంది. డీజిలుకు 1,05,000. టోలు గేట్లకు 21,000. బ్యాంకు కిస్తీ 60,000. టైర్లు, రిపేర్లు 18,000. ఇన్సూరెన్సు, పన్ను 6,000. మొత్తం 2,10,000. మిగిలేది ముప్పై వేలు. మీకు 21,000 ఇస్తే పెట్టుబడిదారులకు తొమ్మిది వేలు. మీరు అడిగినట్టు ఇస్తే మాకే నష్టం. నేను వాళ్ళకు ఏం జవాబు చెప్పాలి?"

కుర్ర డ్రైవరు నీరసపడ్డాడు. పెద్ద డ్రైవరు నెమ్మదిగా అడిగాడు.

"సారు, నాలుగో ట్రిప్పు అయితే ఎంత మిగులుతది?"

మేనేజరు లెక్క వేశాడు. నాలుగో ట్రిప్పుకు కిరాయి 80,000. డీజిలు 35,000, టోలు 7,000, టైర్ల అరుగుదల 3,000 పోతాయి. 35,000 మిగులుతుంది. బ్యాంకు కిస్తీ నెలకు ఒక్కసారే. ట్రిప్పు పెరిగినా కిస్తీ పెరగదు.

"అయితే సారు, మీ లాభం మా కూలి తగ్గిస్తే రాదు. లారీ నిలబడకుండ ఉంటే వస్తది. మేం యార్డుకు చేరంగనే గేటు చీటీ తీసుకుంటం. టైము రాయిస్తం. ఫోటో తీసి మీకు పంపుతం. ఆ చీటీ చూపించి మీరు సరుకువాళ్ళ దగ్గర హాల్టింగ్ చార్జీ అడగొచ్చు. మా మాట నమ్మక్కర్లేదు. చీటీ చూడుండ్రి."

మేనేజరు మరో మాట అన్నాడు: "మీరు మా భాగస్వాములే కదా! ఒక ఏడాది ఓపిక పట్టండి."

"భాగస్వాములం అంటే సంతోషమే సారు. లాభంల ఎంత వాటానో కాగితం మీద రాయుండ్రి. ప్రతి నెలా లెక్క చూపించుండ్రి. రాయలేమంటే మేం జీతగాళ్ళమే. జీతగాడి కూలి లాభం వచ్చినాక ఇచ్చేది కాదు. డీజిలు బాకీ పెట్టి లారీ నడుస్తదా? మా కూలి కూడ అట్లనే" అన్నాడు పెద్ద డ్రైవరు.

ఆ రోజు ఒప్పందం కుదరలేదు. వారం తర్వాత మళ్ళీ కూచున్నారు. ఇటు కొంత తగ్గారు, అటు కొంత పెంచారు. చివరికి ఇట్లా కుదిరింది.

స్థిరమైన జీతం: 15,000 రూపాయలు.
బత్తా: 24 రోజులకు 7,200 రూపాయలు.
ట్రిప్పు డబ్బు: 3 × 2,000 = 6,000 రూపాయలు.
హాల్టింగ్ కూలి రోజుకు 200: ఆరు రోజులకు 1,200 రూపాయలు.
మొత్తం: 29,400 రూపాయలు.
తిండికి 7,200 పోతే మిగిలేది: 22,200 రూపాయలు.

నాలుగు ట్రిప్పులు అయితే హాల్టింగ్ కూలి ఉండదు. కానీ ట్రిప్పు డబ్బు 8,000 అవుతుంది. బత్తా అంతే ఉంటుంది. తిండి పోను 23,000 మిగులుతుంది. అంటే లారీ త్వరగా తిరిగితే డ్రైవరుకూ లాభమే.

మరి కంపెనీకి? మూడు ట్రిప్పులే అయితే తాళ్ళ ఖర్చు 1,500 కూడా కలిపి 900 రూపాయలు నష్టం. నాలుగు ట్రిప్పులు అయితే తాళ్ళకు 2,000, డ్రైవరుకు 30,200 ఇచ్చినా 32,800 మిగులుతుంది. ఇక కంపెనీ ఊరుకుంటుందా? యార్డుకు తానే ఫోన్ చేస్తుంది.

మూడు నెలల తర్వాత లెక్క మళ్ళీ చూడాలని కూడా రాసుకున్నారు.

పెద్ద పెట్టుబడి ఉన్న చోట ఏం జరిగింది?

పెట్టుబడిదారుల డబ్బుతో లారీలు నడపడం కొత్త కాదు. 2014లో రివిగో అనే కంపెనీ మొదలైంది. అందులో రిలే పద్ధతి పెట్టారు. ఒక డ్రైవరు కొన్ని గంటలు నడిపి ఇంకొకరికి బండి అప్పగిస్తాడు. ఎదురుగా వచ్చే బండి తీసుకుని తిరిగి ఇంటివైపు వస్తాడు. లారీ ఆగదు, డ్రైవరు ఇల్లు వదిలి వారాల తరబడి ఉండడు. పని పద్ధతి మారిస్తే డ్రైవరుకు మేలు జరగవచ్చని ఇది చూపించింది. కానీ 2022లో ఆ కంపెనీ పార్సిలు వ్యాపారాన్ని మహీంద్రా లాజిస్టిక్స్ కొనుక్కుంది. పద్ధతి మంచిదైనా యజమాని మారవచ్చు.

మన హైదరాబాదులోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఓలా, ఊబర్ కంపెనీలు కూడా పెట్టుబడిదారుల డబ్బుతో పెరిగినవే. మొదట్లో డ్రైవర్లకు ప్రోత్సాహకాలు బాగా ఇచ్చాయి. చాలామంది అప్పు చేసి కార్లు కొన్నారు. తర్వాత ప్రోత్సాహకాలు తగ్గాయి. కిస్తీలు తగ్గలేదు. 2017 కొత్త సంవత్సరం రోజుల్లో హైదరాబాదు క్యాబ్ డ్రైవర్లు సమ్మె చేశారు.

ఈ రెండింటి నుంచి తెలిసేది ఒక్కటే. బోనసు, ప్రోత్సాహకం ఎప్పుడైనా మారవచ్చు. రాసుకున్న జీతాన్ని చెప్పకుండా మార్చడం కష్టం. బేరం ముందు జీతం మీద జరగాలి, బోనసు మీద తర్వాత.

చట్టం ఏం చెబుతుంది?

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అని ఆ చట్టం చెప్పింది. పని గంటలు అంటే బండి నడిచే గంటలు మాత్రమే కాదని కూడా చెప్పింది. యజమాని పని కోసం అందుబాటులో ఉన్న సమయం కూడా పనిలోకే వస్తుందన్నది.

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పాత చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. వీటిలో డ్రైవర్లు తెలుసుకోవలసినవి ఇవి.

• 10 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే రవాణా కంపెనీ ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి.
• నెల జీతం తరువాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి.
• జీతం చీటీ ఇవ్వాలి.
• అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి.
• సరుకు పాడైందని ఊరికే కూలి కొయ్యకూడదు. డ్రైవరు తప్పు ఉండాలి. ముందు అతని మాట వినాలి.
• అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.
• పని మానినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇవ్వాలి.

ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పందం చేసుకున్నా అది చెల్లదు. కనీస వేతనం ఎంతో కార్మిక శాఖలో అడగవచ్చు. హైదరాబాదులో ఆర్టీసీ క్రాస్ రోడ్ల దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది. కార్మిక శాఖ కార్యాలయం అక్కడే.

ఈఎస్ఐ సంగతి కూడా అడగాలి. 2019 జూలై నుంచి వంద రూపాయల జీతానికి కార్మికుడు 75 పైసలు, యజమాని 3 రూపాయల 25 పైసలు కట్టాలి. ఈఎస్ఐ ఉన్న కుటుంబానికి వైద్యం అందుతుంది. మన నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది.

మొదటి నెల జీతం

కొత్త ఒప్పందంతో ఒక నెల గడిచింది. ఆ నెల మూడు ట్రిప్పులే అయ్యాయి. నాలుగోది కాలేదు. డ్రైవరు జీతం చీటీ తెచ్చి భార్యకు ఇచ్చాడు. ఆమె చీటీ పక్కన తన పుస్తకం పెట్టుకుంది. వేలుతో ఒక్కొక్క అంకె చూసింది.

"హాల్టింగ్ ఐదు రోజులే రాసిండ్రు. నా పుస్తకంల ఆరు ఉన్నయి. రెండో ట్రిప్పుల గోడౌను కాడ ఒక రోజు నిలబడ్డవు" అన్నది.

డ్రైవరు ఫోన్‌లో గేటు చీటీ ఫోటో వెతికాడు. తేదీ ఉంది. టైము ఉంది. మర్నాడు కంపెనీ ఆఫీసులో చూపించాడు. గుమాస్తా చూసి తప్పు దిద్దాడు. 200 రూపాయలు ఇచ్చాడు.

ఆ నెల అమ్మాయి ఫీజు గడువు లోపలే కట్టారు. పాత అప్పు ఇంకా ఉంది. అందులో కొంత తీర్చారు. భార్య ఆ అంకె కూడా పుస్తకంలో రాసింది.

కొత్త మాటలు

పెట్టుబడి: వ్యాపారంలో పెట్టే డబ్బు.
కిరాయి: సరుకు మోసినందుకు లారీకి వచ్చే డబ్బు.
కిస్తీ: అప్పును నెలనెలా కొంచెం కొంచెంగా కట్టే సొమ్ము.
బత్తా: ఊరు వదిలి ఉన్నప్పుడు తిండికి ఇచ్చే డబ్బు.
హాల్టింగ్: సరుకు ఎక్కించడానికి, దించడానికి లారీ నిలబడి ఉండడం.
నియామక పత్రం: పనిలో పెట్టుకున్నట్టు యజమాని రాసి ఇచ్చే కాగితం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. 28,000 అని చెప్పిన కూలి 12,300 ఎట్లా అయింది?
2. పెద్ద డ్రైవరు తొమ్మిది వేలు అడగవద్దని ఎందుకు అన్నాడు?
3. మేనేజరు లెక్క చూపించడం వల్ల ఎవరికి మేలు జరిగింది?
4. మీ ఇంట్లో ఎవరైనా కూలికి పోయి పని లేక నిలబడిన రోజులు ఉన్నాయా? ఆ రోజులకు కూలి ఎవరు ఇచ్చారు?

మీరే లెక్క చెయ్యండి

ఒక డ్రైవరుకు స్థిరమైన జీతం 15,000. ఆ నెల మూడు ట్రిప్పులు, ట్రిప్పుకు 2,000. హాల్టింగ్ నాలుగు రోజులు, రోజుకు 200. బత్తా కాకుండా అతనికి ఎంత రావాలి?

మీరే రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరు గాని, మీ ఇంట్లోవారు గాని ఈ నెల పనికి పోయిన రోజులు, నిలబడిన రోజులు, వచ్చిన కూలి, అయిన ఖర్చు రోజూ రాయండి. నెలాఖరున కలిపి చూడండి.